మందు పడిందహో

గురవమ్మ గొంతు సంగతి ముందు చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ కథ ఎవరికీ అర్థం కాదు.

రాళ్ళగూడెం క్వారీలో నిలబడి ఆమె కేకేసిందంటే, వాగు వెంట మైలు కింద ఉన్న పేటలో కూర కలుపుతున్న ఆడవాళ్ళు గరిటె ఆపేవాళ్ళు. మొగుడు బతికున్న రోజుల్లో ఆ గొంతు మీద ఆమెకు తిట్లే తిట్లు. "ఆడదానివా, మైకు సెట్టువా?" అనేవాడు. ఆ మొగుడు క్వారీలో రాయి పేల్చేటప్పుడే పోయాడు. రాతికి ఆరు బెజ్జాలు కొట్టి మందు కూరారు. ఐదు పేలాయి. ఆరోది పేలిందా లేదా అని లెక్క చూసిన మగాడు అక్కడ ఒక్కడూ లేడు. పొగ తగ్గింది గదా అని గుంతలోకి దిగాడు. ఆరోది అప్పుడు పేలింది.

దినం వెళ్ళిన మర్నాడే గురవమ్మ మేస్త్రీ దగ్గరికి పోయింది. "ఇంకమీదట లెక్క నేను జూస్తా. కేక నేనేస్తా. నేను రమ్మన్న దాకా గుంతలోకి కోడిపిల్ల గూడా దిగటానికి లేదు," అంది. మేస్త్రీ నవ్వాడు. మందు కూరే పని మరిది బాలకోటయ్యది. అతను మాత్రం నవ్వలేదు. "వదిన చెప్పినట్టు కానీకపోతే నేను వత్తి అంటిచ్చను. మీరే అంటిచ్చుకోండి," అని మొండికేశాడు. అలా ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఆమె చేతికొచ్చింది.

వత్తి అంటించే ముందు మూడుసార్లు, "మందోయ్... మందు!" అని అరిచేది. జనం దూరం పోయేవాళ్ళు. తర్వాత వేళ్ళు ముడుస్తూ పేలుళ్ళు లెక్కపెట్టేది. ఎన్ని బెజ్జాలో అన్ని పేలితేనే, "అయిపాయె... రండోయ్!" అనేది. ఒక్కటి తగ్గిందా, పొద్దుగూకే దాకా ఎవణ్ణీ కదలనిచ్చేది కాదు. మేస్త్రీ బూతులు తిట్టనీ, ఓనరు జీపేసుకొచ్చి ఎగిరెగిరి పడనీ, ఆమె ముందు ఆ పప్పులు ఉడికేవి కావు. పన్నెండేళ్ళలో ఆమె కేక మీద దిగిన మనిషి ఒక్కడు పోలేదు. ఆ మాట ఆమె సంతలోనూ చెప్పుకునేది, చావు దగ్గరా చెప్పుకునేది. చెప్పుకోనీండి, తప్పేముంది? ఆ మాటా, కూతురు రత్తమ్మా తప్ప ఆమెకు చెప్పుకోటానికి ఇంకేముంది గనక?

రత్తమ్మ కాపురం కూడా గూడెంలోనే. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ పోయారు. పిల్లాడు ఎనిమిదో నెలలో, పిల్ల ఏడాది నిండీ నిండకుండా. వాంతులు, విరేచనాలు. గురజాల డాక్టరు, "ఏం నీళ్ళు తాగుతున్నారమ్మా?" అని అడిగాడు. వాగు నీళ్ళన్నారు. మానెయ్యమన్నాడు. మానేసి ఏం తాగాలో చెప్పలేదు మహానుభావుడు.

ఆ వాగు పేరు తుమ్మలేరు. పైన పాలెం, నడుమ గూడెం, కింద పేట. పాలెంలో పత్తి రైతులు పురుగుమందు కొట్టే డబ్బాలు తెచ్చి అందులోనే కడిగేవాళ్ళు. గూడెంలో రాయి కోసిన బురదంతా అందులోకే నెట్టేవాళ్ళు. పేటలో తోళ్ళు అందులోనే నానేసేవాళ్ళు, లారీలు అందులోనే కడిగేవాళ్ళు. ముగ్గురూ ఇసకలో చెలమలు తీసుకుని ఆ నీళ్ళే తాగేవాళ్ళు. ఎవరికి జబ్బు చేసినా పై వాళ్ళను తిట్టేవాళ్ళు.

ఎనభై మూడు ఎండాకాలంలో పేట నుంచి మహమూదా అనే ఆవిడ బిందెడు తెల్లటి నీళ్ళు నెత్తిన పెట్టుకుని గూడెం దాకా నడిచొచ్చింది. లారీ మెకానిక్కు అబ్దుల్ గఫార్ భార్య. వచ్చి, ఆ బిందె గురవమ్మ కాళ్ళ మీద బోర్లించింది.

"తాగమ్మా, నువ్వు తాగు ముందు! మీ రాళ్ళ పిండి మా పిల్లలు తాగాల్నా?"

"పైనోళ్ళు పంపే ఇసం మేం తాగట్లా? పొయ్యి పాలెంలో బోర్లిచ్చు నీ బిందె!"

మాటా మాటా పెరిగింది. కొప్పులు పట్టుకున్నారు. గూడెమంతా చేరి చోద్యం చూసింది. సరిగ్గా అప్పుడే భూసంరక్షణ శాఖ ఉద్యోగి శ్రీనివాసరావు టేపు పట్టుకుని వాగు కొలవటానికి వచ్చాడు. కుర్ర ఉద్యోగి, ఇంకా నమ్మకాలు చావలేదు. ఇద్దర్నీ విడదీసి, "మూడు ఊళ్ళూ కలిస్తే తప్ప ఈ వాగు బాగుపడదమ్మా. కొట్టుకునే ఓపిక ఉంది గదా, దాన్నే అటు పెట్టండి," అన్నాడు.

అట్లా వాగు కమిటీ పుట్టింది. పాలెం వాళ్ళు మందు డబ్బాలు వాగు దరిదాపులకు తేకూడదు. గూడెం వాళ్ళు బురద నెట్టకూడదు, పైగా చెత్తరాయితో వాగుకు అడ్డం చిన్న చిన్న కట్టలు కట్టాలి. పేట వాళ్ళు తోళ్ళూ లారీలూ వేరే చోట చూసుకోవాలి. పెసిడెంటు పాలెం ఆసామి బ్రహ్మయ్య. ముప్పై ఎకరాల పత్తి, పెద్ద అరుగు, ఆరు కుర్చీలు. ఆయన కాక ఇంకెవరవుతారు? గూడెం తరపున గురవమ్మ, పేట తరపున మహమూదా.

మూడేళ్ళు పనిచేశారు. ఉత్తుత్తి పని కాదు. ఆదివారం వస్తే మూడు ఊళ్ళ జనం వాగులో ఉండేవాళ్ళు. కొప్పులు పట్టుకున్న ఆడవాళ్ళిద్దరూ ఒకే తట్టకు రెండువైపులా చేతులేసి రాళ్ళు మోశారు. మొదట్లో 'ఏమ్మే' అనుకునేవాళ్ళు, ఏడాది తిరక్కుండా 'వదినా' అనుకున్నారు.

"నీ గొంతుకు మా మసీదు మైకు పనికిరాదు వదినా," అనేది మహమూదా.

"నీ నోటికి మా సమ్మెట పనికిరాదులే," అనేది గురవమ్మ.

పత్తి తీతల రోజుల్లో మహమూదా పాలెం పోయి కూలి చేసేది. వస్తూ వస్తూ కట్ట మీద కూర్చుని గురవమ్మకు పాలెం కబుర్లన్నీ చెప్పి పోయేది. ఎనభై ఆరు వానలకు కట్టల వెనక నీళ్ళు నిలిచాయి. అడుగున గులకరాళ్ళు కనపడ్డాయి. ఎన్నేళ్ళనుంచో లేని జెల్ల చేపలు, పరిగెలు వాగులో తిరిగాయి. ఆ సంవత్సరమే రత్తమ్మకు మళ్ళీ నెల తప్పింది.

ఏడో నెల వచ్చేసరికి గురవమ్మ కూతుర్ని క్వారీ పని మాన్పించింది. తనే చెలమ తోడి, తనే వడగట్టి తాగించేది. "ఈడు బతుకుతాడు సూడవే. ఈసారి వాగు మన పక్కనుంది," అనేది. రత్తమ్మ పైకి నవ్వేది గానీ, రెండుసార్లు కాలిన చెయ్యి కదా, ఉయ్యాల మాట ఎత్తనిచ్చేది కాదు.

కార్తీకం వెళ్ళిన వారంలో కమిటీ బ్రహ్మయ్య అరుగు మీద కూర్చుంది. గూడేనికి దిగువన వాగుకు అడ్డంగా ఒక బండ ఉంది. దానివల్ల నీళ్ళు చవిటి నేలలోకి పొర్లిపోతున్నాయి, పేట చెలమలకు చేరటం లేదు. బండ పేల్చాలని తీర్మానం చేశారు. గురువారం మధ్యాహ్నం, ఏడు బెజ్జాలు, బాలకోటయ్య మందు పెడతాడు, గురవమ్మ కేక. మూడు ఊళ్ళ వాళ్ళకూ తెలిసిన సంగతే.

గురువారం పొద్దున పదింటికి బాలకోటయ్య మూడో బెజ్జం కొడుతున్నాడు. వాగు అవతలి గట్టు మీద డప్పు మోగింది. జయరాజు. పాలెంలో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. బ్రహ్మయ్య దగ్గరే జీతం. చెమటలు కక్కుతూ పరుగు పరుగున వస్తున్నాడు.

"వాగులో మందు పడిందహో! ఎవ్వరూ నీళ్ళల్లో దిగగూడదహో! గొడ్లను తోలగూడదహో! కమిటీ పెసిడెంటుగారి ఆర్డరహో!"

గురవమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. ఆమెకు కాస్త రోషం వచ్చిందని చెప్పాలి. ఆమె కేక ఉండగా డప్పు కూడానా?

"ఏందిరా జయరాజూ! నా గొంతు చాల్లేదంటనా మీ పెసిడెంటుకు?"

"నాకేం తెలుసు పిన్నీ! చెప్పమన్నాడు, చెపుతున్నా! దిగమాకండి, దిగితే పోతారు!"

"మందు సంగతి మాకు చెప్పొచ్చావా! అయినా పడిందేందిరా? పెట్టారనాల! మందు పెడతారు గానీ పడుతుందా? పాలెమోళ్ళకు మాటగూడా రాదు!"

గూడెం ఆడవాళ్ళు గొల్లుమన్నారు. జయరాజు ఏదో అనబోయాడు, సమ్మెట చప్పుడులో వినపడలేదు. పేట దాకా చాటింపు వెయ్యాలి గదా, డప్పు సర్దుకుని కిందికి పరుగెత్తాడు.

రాళ్ళు కొట్టుకుని బతికే వాళ్ళకు మందంటే రాతిని పగలగొట్టేది. పత్తి వేసే వాళ్ళకు మందంటే పురుగును చంపేది. పడింది, పెట్టారు. ఆ తేడా గురవమ్మ చెవిన పడింది, దాన్ని పట్టుకుని ఆమె వేళాకోళం ఆడింది. ఆ నవ్వు తల్చుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది, ఇంక ఆమెకెట్లా ఉండాలి?

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఏడు బెజ్జాలూ నిండాయి. గురవమ్మ ఎర్రగుడ్డ ఎత్తి మూడుసార్లు అరిచింది. వాగు రెండు గట్లూ ఖాళీ అయ్యాయి. ఒకటి, రెండు, మూడు... చిటికెన వేలి నుంచి ముడుచుకుంటూ వచ్చింది. ఐదు. ఆరు. ఆరు దగ్గర కాస్త ఆలస్యమైంది. మొగుడు గుర్తొచ్చే ఉంటాడు. ఏడోది కూడా పేలింది. అయినా ఆమె తొందరపడలేదు. పొగంతా పోనిచ్చింది. బాలకోటయ్యను పంపి ఏడు గుంతలూ కళ్ళతో చూపించింది. అంతా చూశాకే, చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని పేటకు వినపడేలా పిలిచింది.

"అయిపాయె... రండోయ్!"

జనం దిగారు. నీళ్ళ మీద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు. నీళ్ళల్లో రాయి పేలిస్తే చేపలు తేలటం గూడేనికి కొత్తా? క్వారీ నీళ్ళ గుంతల్లో పేల్చిన రోజు చేపల పండగే. తట్టలతో, చీర కొంగులతో దేవుకున్నారు. దాహమేసిన వాళ్ళు దోసిళ్ళతో తాగారు. రత్తమ్మ పొట్ట పట్టుకుని మెల్లగా దిగి, నాలుగు జెల్లలు ఏరుకుంది. కడుపుతో ఉన్న పిల్ల, పది రోజులుగా చేపల పులుసని ఒకటే కలవరింత.

"జారుద్ది, పైలం," అంది తల్లి.

గురవమ్మ గురువారం నీసు ముట్టదు. అంతే కారణం, ఆమె మిగలటానికి. ఇంటినుంచి తెచ్చుకున్న సద్ది తిని, క్యానులో నీళ్ళు తాగి, పగిలిన బండరాళ్ళు పక్కకు నెట్టిస్తూ కూర్చుంది.

మొదట కుక్క పడిపోయింది. చేప తలకాయలు తిన్న కుక్క గట్టు మీద గిలగిలా తన్నుకుంది. ఎవరో నవ్వారు కూడా. తర్వాత బాలకోటయ్య భార్య నురగ కక్కింది. ఆ వెనకే ఇంట్లోంచి రత్తమ్మ మొగుడి కేక వినపడింది. గురవమ్మ పరిగెత్తేసరికి రత్తమ్మ వెల్లకిలా పడి ఉంది. పళ్ళు గిట్టకరిచాయి, కాళ్ళూ చేతులూ ఎగిరెగిరి పడుతున్నాయి. పొయ్యి మీద పులుసు ఇంకా ఉడుకుతూనే ఉంది.

రాళ్ళ లారీలో రాళ్ళు దించి మనుషుల్ని ఎక్కించారు. గురజాల ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి, "ఏం మందు తాగారు వీళ్ళంతా?" అని అరిచాడు.

"మందు తాగలా సార్. పేల్చాం," అంది గురవమ్మ.

"పేల్చటమేందమ్మా! పత్తి మందు! ఎండ్రిన్!"

పడింది. పెట్టలేదు, పడింది. పొద్దున తను ఎగతాళి చేసిన మాట గురవమ్మకు అప్పుడు అర్థమైంది. గోడకు తల బాదుకుంది. కాంపౌండరు వచ్చి, పేషెంట్లు బెదురుతారని ఆమెను బయటికి గెంటాడు.

రాత్రి తెల్లారేసరికి గూడెంలో నలుగురు, పేటలో ముగ్గురు పోయారు. పేట ముగ్గురిలో మహమూదా ఒకతె. రత్తమ్మ బతికింది. లోపలి బిడ్డ బతకలేదు. మగపిల్లాడు. నర్సు గుడ్డలో చుట్టి అమ్మమ్మ చేతిలో పెట్టి, సంతకం చెయ్యటం వచ్చా అని అడిగింది.

మూడో రోజు జయరాజు ఆసుపత్రి గోడ పక్కకు వచ్చి, గురవమ్మ కాళ్ళ మీద పడ్డాడు. వాడు చెప్పింది ఇదీ. బ్రహ్మయ్య రెండు నెలలుగా వాగు ఒడ్డునే మందు కలిపిస్తున్నాడు. చేను దాకా నీళ్ళు మోయించాలంటే కూలి దండగ గదా. కమిటీ కట్టుబాటు ఊళ్ళో వాళ్ళకు, పెసిడెంటుకా? గురువారం పొద్దున కలిపిన పీపా గట్టు మీద నుంచి దొర్లి నిండుగా వాగులో పడింది. "చాటింపెయ్యి," అన్నాడు బ్రహ్మయ్య. "మందు పడిందని చెప్పు, చాలు. ఎండ్రిన్ అనమాక. ఎవరిదని అడిగితే తెలవదను. ఊరి ముందు నా పరువు తియ్యమాక."

"నువ్వెందుకు చెప్పలేదురా నాతో? పెట్టారనాల అని నేను ఎగతాళి చేస్తుంటే, నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"నాకు తట్టలా పిన్నీ! మా ఊళ్ళో మందంటే అదే! మీరు బండ పేలుస్తున్నారని ఆ పరుగులో నాకు గురుతే లేదు!"

"అయితే విచారణకు పెద్దాఫీసరు వస్తాడంట, ఆయన ముందు చెప్పు. ఇప్పుడు నాతో చెప్పింది అట్టనే చెప్పు."

జయరాజు ఏడుస్తూనే తల అడ్డంగా ఊపాడు. వాడి ఇల్లు బ్రహ్మయ్య స్థలంలో ఉంది. "నేను చెప్తా అయితే," అంది గురవమ్మ. "నా మనవణ్ణి గుడ్డలో చుట్టే గతి తెచ్చినోడి పేరు నేను రాయిస్తా. అది రాయించినాకే చస్తా."

విచారణ తొమ్మిదో రోజున పెట్టారు. ముందురోజు సాయంత్రం శ్రీనివాసరావు గూడేనికి వచ్చాడు. మూడేళ్ళలో బాగా ముదిరాడు. నులక మంచం అంచున కూర్చుని, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"గురవమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ బ్రహ్మయ్య గారి పేరు ఎత్తితే పాలెం మొత్తం కమిటీలోంచి లేచిపోతుంది. కట్టలకు రావాల్సిన రెండో విడత డబ్బు శాంక్షన్ ఆగిపోతుంది. వాగు మళ్ళీ మొదటికొస్తుంది. మనం మూడేళ్ళు పడ్డ కష్టం..."

"మొదటికి రానీండి సార్. నా మనవడు వస్తాడా మొదటికి?"

అతను లేచి చెప్పులేసుకున్నాడు. పాపం అనాలో, పాపిష్టివాడు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

విచారణ గూడెంలోనే, టార్పాలిన్ కింద. పెద్దాఫీసరు కుర్చీలో, పక్కన శ్రీనివాసరావు కాగితాలతో, ఎదురుగా మూడు ఊళ్ళ జనం. బ్రహ్మయ్య తెల్లచొక్కా వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. ఎవరో దుర్మార్గులు వాగులో మందు కలిపారని తెలిసిన క్షణాన చాటింపు వేయించాడట. చేతిలో ఉన్నది చేశాడట. నిజాన్ని నిలువునా పాతేశాడు.

"నువ్వేం చాటావురా?" అని ఆఫీసరు జయరాజును అడిగాడు.

"వాగులో మందు పడింది, ఎవ్వరూ దిగగూడదు అని చాటా సార్." వాడు తల ఎత్తలేదు.

"విన్నారా మీరు?"

విన్నామన్నారు జనం. అబద్ధం ఎట్లా చెప్తారు?

"దిగొద్దని విని కూడా ఎందుకు దిగారు?"

గురవమ్మ లేచింది. ఆ గొంతు కొంచెం కూడా తగ్గలేదు. "ఆ మందు ఎవరి చేలోదో ముందు అది అడగండి సారూ! ఎవడు దుర్మార్గుడు? ఇదిగో, ఈ తెల్లచొక్కాయన! వాగొడ్డున ఎండ్రిన్ కలిపిచ్చింది ఈయన! పీపా దొర్లితే, పేరు చెప్పమాకని చాటిచ్చింది ఈయన!"

జనంలో కలకలం రేగింది. బ్రహ్మయ్య కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"ఎవరు చూశారు?" అన్నాడు ఆఫీసరు.

గురవమ్మ జయరాజు వైపు చూసింది. జయరాజు నేల వైపు చూశాడు. "నాకేం తెలవదు సార్," అన్నాడు.

"చూసినవాళ్ళు లేరు. నువ్వు చూడలేదు. అడిగిన దానికి చెప్పమ్మా. ఎందుకు దిగారు?"

అప్పుడు వెనక నుంచి రత్తమ్మ లేచింది. ఒళ్ళు కుదురుగా నిలవటం లేదు, గుంజ పట్టుకుంది. అమ్మను ఆఫీసరు గద్దిస్తున్నాడని ఆ పిల్లకు ఉక్రోషం.

"మా అమ్మ తప్పేం లేదు సార్! ఏడు పెడితే ఏడూ పేలినయి. ఏలు ముడిచి లెక్కబెట్టింది. మా బాబాయిని పంపి గుంతలు గూడా చూపిచ్చింది. అప్పుడే అయిపాయె రండి అని కేకేసింది. పన్నెండేళ్ళ నుంచి మా అమ్మ రమ్మంటేనే మేం దిగేది సార్, లేకపోతే దిగం! మా అమ్మ మాట మీదే నేను దిగా!"

ఆఫీసరు కలం ఆపి తల ఎత్తాడు. "అంటే దిగమని పిలిచింది మీ అమ్మా?"

రత్తమ్మ నాలిక్కరుచుకుంది. తనేమన్నదో అప్పటికి తెలిసింది పిచ్చిదానికి.

"రాయండి," అన్నాడు ఆఫీసరు. శ్రీనివాసరావు రాశాడు. రాసింది చదివి వినిపించాడు. సకాలంలో హెచ్చరిక చేసినప్పటికీ, గురవమ్మ అనే కూలీ ప్రమాదం తొలగిందని పొరపాటున ప్రకటించినందువల్ల ప్రాణనష్టం జరిగినది. కింద ఆమె వేలిముద్ర వెయ్యాలి.

"ఎయ్యను," అంది గురవమ్మ. "నన్ను నరకండి, ఎయ్యను. నా కేక తప్పు కాదు. చెప్పాల్సిన మాట మింగినోడిది తప్పు. ఆ పేరు రాస్తేనే ఏలు పెడతా. పేటోళ్ళను అడగండి. అబ్దుల్ గఫారన్నా, నువ్వు చెప్పు! నీ పెళ్ళాం పోయింది గదా, నా వదిన పోయింది గదా, నువ్వన్నా చెప్పన్నా, నాది తప్పా?"

గఫార్ వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. తొమ్మిది రోజుల గడ్డం. లేవలేదు. కోపంగా కూడా అనలేదు, ఆ మాట మాత్రం నేను గట్టిగా చెప్తాను. అడిగింది కాబట్టి చెప్పాడు.

"తప్పో ఒప్పో నాకు తెలవదమ్మా. ఆ రోజు మహమూదా దిగనంది. డప్పు ఇన్నది. పత్తి తీతకు పాలెం పోయే మనిషి గదా, ఆమెకు తెలిసిపోయింది. 'మందు పడింది అంటున్నాడు, పేల్చే మందు గాదిది, పురుగు మందు,' అన్నది. వీధిలో ఆడోళ్ళందర్నీ ఆపింది. బిందెలు లాక్కున్నది. రెండు గంటలు వాగు గట్టున కాపలా కూచున్నది." గఫార్ ఆగి, మొహం తుడుచుకున్నాడు. "అప్పుడు నీ కేక ఇనపడ్డది. 'గురవమ్మొదిన రమ్మంటున్నది. వదిన అన్నీ చూసుకుంటేగానీ పిలవదు. నేనే ఏదో అనుకున్నా,' అని నవ్వింది. ముందు తనే దిగింది. దిగి, దోసిలి పట్టి తాగి, అందర్నీ రమ్మన్నది."

రత్తమ్మ గుంజ వదిలి కూలబడింది.

గురవమ్మ నిలబడే ఉంది. గఫార్ వైపు చాలాసేపు చూసింది. బ్రహ్మయ్య వైపు మళ్ళీ చూడనే లేదు.

"ఇంకేమైనా చెప్పేదుందా?" అన్నాడు ఆఫీసరు.

"లేదయ్యా," అంది. పక్కనున్న వాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు. "ఏలు యాడ పెట్టాల్నో చూపిచ్చండి."

శ్రీనివాసరావు సిరా ప్యాడు ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు అద్ది, చూపించిన చోట నొక్కింది. బ్రహ్మయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. చదువురాని మనిషి, కావాలని చేసింది కాదు, కేసూ గీసూ వద్దు, మన కమిటీ తరపున క్షమించేద్దాం, ఏమంటారని అందర్నీ అడిగాడు. పాలెం వాళ్ళు ముందు చేతులెత్తారు. తర్వాత పేట వాళ్ళూ, గూడెం వాళ్ళూ ఎత్తారు.